ఆ ఎనిమిది రోజులు

(పునీత మోనికమ్మ పండుగ నాటి సాయంత్రం చెన్నైలోని తెలుగు కథోలిక కుటుంబాల కూడికలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

ఫాదర్ గారికి, సిస్టర్లకు, అక్కలకు, అన్నలకు వందనాలు. వెనక నిలబడ్డవారు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని ఎత్తుకున్నవారు ఫ్యాను కింద కూర్చోండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి, నలభై మంది పిల్లల మధ్య ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నాకేమీ ఇబ్బంది లేదు.

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు ఫాదర్ గారు ఒక మాట అన్నారు. "మన తెలుగు పూజకు వచ్చే ఇళ్ళలో, గుడి మానేసినవారు ఒక్కరైనా లేని ఇల్లు నాకు కనిపించడం లేదమ్మా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మనమందరం ప్రతి ఆదివారం పక్కపక్కనే కూర్చుంటున్నాం. పూజలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకుంటున్నాం. పక్కనున్న ఆమె కూడా నాలాగే కొడుకు కోసం ఏడుస్తోందని నాకు తెలియదు, నా సంగతి ఆమెకు తెలియదు. ఎందుకని చెప్పుకోం? సిగ్గు. పెంపకం బాగాలేదంటారేమోనని సిగ్గు. ఈ సాయంత్రం ఆ సిగ్గు పక్కన పెట్టి మాట్లాడదామని వచ్చాను.

మనం చెన్నైలో ఉన్నాం. ఇది ఎవరి ఊరు? యేసు ప్రభువు శిష్యుల్లో ఒకరైన పునీత తోమాసు గారి ఊరు. చిన్నమలైలో ఆయన దాగి ఉన్నారని, పరంగిమలై మీద బల్లెం పోటుకు ప్రాణం ఇచ్చారని, శాంథోములో ఆయనను సమాధి చేశారని మన సంప్రదాయం. మనం ఆయన సమాధికి బస్సులో వెళ్ళి రాగలిగినంత దగ్గర్లో బతుకుతున్నాం. అందుకే నేను ముందు, కొడుకు కోసం ఏళ్ళ తరబడి ఏడ్చి ప్రార్థించిన మోనికమ్మ దగ్గరకు వెళ్ళకుండా తోమాసు గారి దగ్గరకు వెళుతున్నాను.

యోహాను సువార్త ఇరవయ్యో అధ్యాయం మీ అందరికీ తెలుసు. ప్రభువు లేచిన ఆదివారం సాయంత్రం శిష్యుల మధ్యకు వచ్చి నిలబడ్డారు. తోమాసు లేడు. ఎక్కడికి వెళ్ళాడు? సువార్త చెప్పదు. తిరిగి వచ్చాక మిగిలినవారు ఆయనతో "మేము ప్రభువును చూశాం" అన్నారు. ఆయన ఏమన్నాడు? మేకుల గుర్తులు చూడనిదే, అందులో నా వేలు పెట్టనిదే, ఆయన పక్కలో నా చెయ్యి పెట్టనిదే నమ్మను అన్నాడు. ఆ తరువాత వాక్యం ఎలా మొదలవుతుంది? గుర్తు తెచ్చుకోండి. ఎనిమిది రోజుల తరువాత శిష్యులు మళ్ళీ ఇంట్లో ఉన్నారు, తోమాసు కూడా వారితో ఉన్నాడు.

తోమాసు కూడా వారితో ఉన్నాడు. ఈ మాటను నేను ఎన్నేళ్ళు చదివానో! దాని మీద ఎప్పుడూ ఆగలేదు. మేకుల దగ్గర ఆగాను, "నా ప్రభువా, నా దేవా" దగ్గర ఆగాను. ఈ ఎనిమిది రోజుల దగ్గర ఆగలేదు. నమ్మనన్న మనిషి ఎనిమిది రోజులు ఆ ఇంట్లోనే ఎలా ఉన్నాడమ్మా? ఆయనకు ఎవరు అన్నం పెట్టారు? రాత్రి పడుకోవడానికి చాప ఎవరు పరిచారు? "మా మాట అబద్ధమంటావా, అయితే బయటికి పో" అని ఒక్కరైనా అనలేదా?

నాకు తోచింది చెబుతాను, తప్పయితే ఫాదర్ గారు దిద్దుతారు. ఆ మిగిలిన పదిమంది ఎవరు? ప్రభువును పట్టుకున్న రాత్రి గెత్సేమని తోటలో పారిపోయినవారు. అందులో పేతురు గారు, "ఆయన ఎవరో నాకు తెలియదు" అని మూడుసార్లు చెప్పిన మనిషి. ఒక్క శుక్రవారం ముందు వారందరూ వదిలి వెళ్ళినవారే. తోమాసును బయటికి పొమ్మనే ముఖం ఎవరికుంది? అందుకే ఉండనిచ్చారు. ఆయనా ఉన్నాడు. ప్రభువు రెండోసారి వచ్చినప్పుడు తోమాసు ఆ గదిలో ఉన్నాడంటే, ఆ పదిమంది ఆ గదిని వదలకుండా ఉన్నారు కాబట్టి, ఆయనకు అందులో చోటు ఉంచారు కాబట్టి.

మన ఇళ్ళలో ఇప్పుడు నడుస్తున్నవి ఆ ఎనిమిది రోజులే. కొందరికి ఎనిమిదేళ్ళు. కొందరికి ఇరవై.

ఇప్పుడు నా కథ చెప్పాలి. మా వాడిని అడిగి, సరేనన్నాకే చెబుతున్నాను.

మాది గుంటూరు జిల్లా, ఫిరంగిపురం దగ్గర పల్లె. మా నాన్నగారు ఉపదేశి, ఊళ్ళో విశ్వాస పాఠాలు చెప్పేవారు. పెళ్ళయి పెరంబూరు వచ్చాను, మా వారికి రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం. 1986 ఫిబ్రవరి 5న పోపు రెండవ జాన్ పౌల్ గారు శాంథోముకు వచ్చారు, మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను, జనంలోకి వద్దని మా అత్తగారు వెళ్ళనివ్వలేదు. ఆ జూన్‌లో మా పెద్దవాడు పుట్టాడు. పదేళ్ళు పూజలో ఫాదర్ గారికి సాయం చేశాడు. సత్యోపదేశం, అంటే మన విశ్వాస పాఠాల, పరీక్షలో ఎప్పుడూ మొదటివాడే. గుణదల కొండకు నా చెయ్యి పట్టుకుని చెప్పుల్లేకుండా ఎక్కినవాడు.

2009లో ఈస్టరు నాడు ఉదయం, కొత్త చొక్కా ఇస్త్రీ చేసి పెడితే, వేసుకోలేదు. "అమ్మా, ఇక నేను గుడికి రాను. నాకోసం ఎదురు చూడకండి" అన్నాడు. అంతే. కోపంగా కూడా అనలేదు.

నేనేం చేశాను? ప్రార్థన చేశానని చెప్పాలని ఉంది. కానీ ముందు వాడితో మాట్లాడటం మానేశాను. నాలుగు నెలలు. వాడు తినే వేళకు నేను తినలేదు. కంచం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాను. ఊరి నుంచి వచ్చిన మేనమామ వాడిని కూర్చోబెట్టి రెండు గంటలు మందలించాడు. వాడి ఆఫీసు సంచిలో జపమాల దాచాను. అది దొరికిన రోజు వాడు దాన్ని తెచ్చి, మడత పెట్టి నా దిండు మీద ఉంచాడు. నేను ఏడ్చి, "నీకోసం రోజూ ఇంత ఏడ్చి ప్రార్థిస్తున్నాను, నీకు జాలి లేదా" అన్నాను. ప్రార్థనను చేతిలో కర్రలా పట్టుకున్నాను. ఇది చేసినవారు ఇక్కడ ఇంకా ఉన్నారు కదా? తల వంచుకోకండి అక్కా, నేనూ చేశాను.

అప్పుడు మోనికమ్మ చరిత్ర మళ్ళీ చదివాను. మనం పూజలో వినేది ఎంత? "పదిహేడేళ్ళు ఏడ్చింది, కొడుకు మారాడు." ఆ మధ్యలో ఏం జరిగిందో వినలేదు. ఆమెది ఉత్తర ఆఫ్రికాలో తగస్తే, ఇప్పటి అల్జీరియాలో ఉంది. ఆమె కొడుకు అగుస్తీను 354లో పుట్టాడు. చదువుకోవడానికి కార్తేజి వెళ్ళి, మానీ అనే పారశీకుడు స్థాపించిన మతంలో చేరాడు. ఇంటికి వచ్చాడు. ఆమె ఏం చేసిందో తెలుసా? కొడుకును తన ఇంట్లో ఉండనివ్వలేదు, ఒకే బల్ల దగ్గర తిననివ్వలేదు! మోనికమ్మ కూడా! ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి, వంటింట్లోకి వెళ్ళి కూర్చున్నాను.

తరువాత ఆమెకు ఒక కల వచ్చింది. ఒక కర్ర పలక మీద నిలబడి ఏడుస్తోంది. వెలుగుతో నిండిన యువకుడు వచ్చి, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. నా కొడుకు నశించిపోతున్నాడంది. "చూడు, నువ్వు ఉన్న చోటనే అతడూ ఉన్నాడు" అన్నాడు. తిరిగి చూస్తే అదే పలక మీద కొడుకు. ఆ కల కొడుకుకు చెప్పింది. అగుస్తీను మాటకారి కదా, వాక్చాతుర్యం నేర్పే గురువు. "అంటే నువ్వూ నాలాగే అవుతావని అర్థం" అన్నాడు. ఆమె ఒక్క క్షణం కూడా ఆగలేదు. "కాదు. అతడున్న చోట నువ్వు అని నాతో అనలేదు. నువ్వున్న చోట అతడు అన్నారు." ఆ కల కన్నా ఆ జవాబే తనను కదిలించిందని ఆయన తరువాత రాశాడు. ఆ తరువాతే ఆమె కొడుకును మళ్ళీ తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకుంది.

నువ్వున్న చోట అతడు. అంటే ముందు నేను ఆ చోట ఉండాలి కదా? నేను అక్కడ ఉన్నానా? ఇది నన్ను నేను వేసుకున్న ప్రశ్న. వాడు గుడి మానేశాక నా విశ్వాసం కూడా ఊగిందమ్మా. ఇది ఎవరికీ చెప్పలేదు, ఒక్క పాపసంకీర్తనంలో, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు తప్ప. పూజలో నిలబడితే, నేను నిజంగా నమ్ముతున్నానా, మా నాన్నగారు నేర్పారు కాబట్టి వస్తున్నానా అనిపించేది. దివ్యసత్ప్రసాదం తీసుకుని వచ్చి మోకాళ్ళ మీద ఉంటే ఒక్క మాట వచ్చేది కాదు. వాడి మీద అంత కోపం ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది. నాలో సగం ఆరిపోయి ఉన్నదాన్ని వాడు బయటికి అనేశాడు.

అప్పుడు నేను చేయగలిగింది ఒక్కటే. శనివారం శనివారం పెరంబూరులో 29సి బస్సు ఎక్కి బెసెంట్ నగర్ వేళాంగణి మాత దగ్గరకు వెళ్ళేదాన్ని. దారి పొడవునా జపమాల. మనసు పెట్టి చెప్పానని అనను. కండక్టరు చిల్లర అడుగుతాడు, పక్కామె సంచి కాళ్ళకు తగులుతుంది, ఏ పూస మీద ఉన్నానో మరిచిపోతాను. అయినా చెప్పాను. మళ్ళీ వారం మళ్ళీ చెప్పాను. ఎప్పుడు మారిందో తెలియదు, ఒక శనివారం వాడి కోసం మొదలుపెట్టిన జపమాల నా కోసం చెబుతున్నానని గమనించాను. ఇంటికి వచ్చి, వాడి కంచం పక్కన నా కంచం పెట్టుకున్నాను. వాడు ఏమీ అనలేదు. చారు కొంచెం నా వైపు జరిపాడు.

రెండు రోజుల్లో బెసెంట్ నగర్లో మాత పండుగకు జెండా ఎత్తుతారు కదా, కాషాయం బట్టలు కట్టి నడిచే వారిని చూస్తుంటే నాకు ఆ బస్సే గుర్తుకొస్తుంది.

ఇక్కడ ఇంకొక మాట. మోనికమ్మ అడిగినవన్నీ దేవుడు ఇచ్చాడా? 383లో అగుస్తీను రోముకు పోతానన్నాడు. ఈమె వదల్లేదు, వెళితే నాతో రా లేదా వెళ్ళకు అంది. ఆయన ఏం చేశాడు? గాలి అనుకూలిస్తే వెళ్ళే స్నేహితుడిని సాగనంపుతానని అబద్ధం చెప్పి, ఈమెను పునీత సిప్రియాను గుడిలో ఆ రాత్రి ఉండమని ఒప్పించి, ఓడ ఎక్కి పోయాడు. ఆ రాత్రంతా ఈమె ఏమని ప్రార్థించి ఉంటుంది? ప్రభూ, వాడిని వెళ్ళనివ్వకు అని. తెల్లవారి ఒడ్డుకు వచ్చి చూస్తే ఓడ లేదు. ఆ రాత్రి ప్రార్థన వినబడలేదని అనుకోదా ఏ తల్లి అయినా? ఆ ఓడే ఆయనను రోముకు, అక్కడి నుంచి మిలానుకు, అక్కడి పీఠాధిపతి (బిషప్) ఆంబ్రోసు గారి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆమె ఆ రాత్రి అడిగింది దేవుడు ఇవ్వలేదు, ఎన్నేళ్ళుగానో అడుగుతున్నది ఇవ్వడానికి. ఇది అగుస్తీనే రాసుకున్నాడు.

కాబట్టి మీ అబ్బాయి ఫలానా ఊరు వెళ్ళకూడదని, ఫలానా అమ్మాయిని చేసుకోకూడదని మీరు అడిగింది జరగకపోతే, దేవుడు చెవులు మూసుకున్నాడని అప్పుడే అనుకోవద్దు. ఒడ్డున ఏడవండి. తప్పు లేదు. ఆమె కూడా ఏడ్చింది. ఆ తరువాత సముద్రం దాటి వెనకే వెళ్ళింది.

అంతకు ముందు ఆఫ్రికాలో ఒక పీఠాధిపతి ఆమెతో ఏమన్నాడో గుర్తుందా? నా కొడుకుతో వాదించండి అని ఈమె ప్రాధేయపడింది. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పుడు వినే స్థితిలో లేడు, అతడిని వదిలేయి, ప్రార్థన మాత్రం మానవద్దు అన్నాడు. నేనూ చిన్నప్పుడు ఆ మతంలోనే పెరిగాను, చదివి చదివి నేనే బయటపడ్డాను అన్నాడు. ఈమె వదలకుండా ఏడిస్తే విసుక్కుని, వెళ్ళమ్మా, ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించిపోడు అన్నాడు. మనం చివరి మాట ఒక్కటే పటాల మీద రాసుకున్నాం. ముందు మాట? "వాదించను" అన్న మాట? అది కూడా రాసుకోవాలి కదా!

387 ఈస్టరు జాగరణ రాత్రి అగుస్తీను మిలానులో జ్ఞానస్నానం పొందాడు. ఆ ఏడాదే ఆమె ఒస్తియాలో చనిపోయింది, యాభై ఆరో ఏట. చూసి వెళ్ళింది.

చూడకుండా వెళ్ళినవారి సంగతి? మనలో చాలామందికి ఆ భయమే ఉంది. పారిసులో ఎలిజబెత్ లెసర్ అని ఒక గృహిణి. భర్త ఫెలిక్సు డాక్టరు, దేవుడు లేడనేవాడు. ఆయన ఇచ్చిన పుస్తకాలు చదివి ఈమె విశ్వాసం కూడా కొన్నాళ్ళు సడలింది, తరువాత గట్టిపడింది. అప్పటి నుంచి భర్తతో వాదించకూడదని నిర్ణయించుకుంది. జబ్బుతో చాలా ఏళ్ళు బాధపడింది, ఆ బాధను ఆయన కోసం దేవుడికి అర్పించింది. 1914లో చనిపోయింది. అప్పటికి భర్తలో ఏ మార్పూ లేదు. చనిపోయాక ఆమె రాసుకున్న దినచర్య ఆయన చేతికి వచ్చింది. చదివాడు. తన కోసం ఆమె ఏమేమి మోసిందో అందులో ఉంది. తిరిగి శ్రీసభలోకి, అంటే కథోలిక సంఘంలోకి, వచ్చాడు, దొమినికన్ సభలో చేరి 1923లో గురువు, అంటే ఫాదర్, అయ్యాడు. ఆమె చూసిందా? ఈ కళ్ళతో చూడలేదు.

మా వాడి దగ్గరకు మళ్ళీ వస్తాను. 2015లో, అంటే ఆరేళ్ళకు, ఒక రాత్రి కరెంటు పోయి మేడ మీద కూర్చున్నప్పుడు అడిగాను. "నాన్నా, ఎందుకు మానేశావు?" ఆరేళ్ళలో ఆ ప్రశ్న నేను అడగనే లేదు! రమ్మన్నాను, తిట్టాను, ఏడ్చాను. అడగలేదు.

చెప్పాడు. 2005లో మా మామగారు ఊళ్ళో పోయారు. అక్కడి విచారణ (గుడి పరిధి) పెద్దలు ఇద్దరు, చందాల బాకీ తేలితేనే సమాధి స్థలం అని శవపేటిక పక్కనే గంటసేపు బేరమాడారు. నేను ఆడవాళ్ళ మధ్య లోపల ఏడుస్తూ ఉన్నాను, నాకు తెలియదు. పందొమ్మిదేళ్ళ పిల్లవాడు, తాత పెట్టె మీద చెయ్యి వేసి నిలబడి అంతా విన్నాడు. "అమ్మా, ఆ రోజు నుంచి ఆ గుమ్మం దాటితే నాకు అదే వినిపిస్తుంది" అన్నాడు.

నేను ఏం చెప్పాలి? శ్రీసభ అంటే ఆ ఇద్దరు కాదురా అనాలా? అనలేదు. "క్షమించు నాన్నా" అన్నాను. వారి తరఫున, నా తరఫున.

వెళ్ళిపోయినవారందరూ ఒకే కారణంతో వెళ్ళలేదు. కొందరు బద్ధకంతో, కొందరు చదువుతో వచ్చిన సందేహాలతో, కొందరు పెళ్ళితో. మా చెల్లెలు వేరే సంఘానికి వెళ్ళింది, క్రీస్తును వదల్లేదు, నాకన్నా ఎక్కువ బైబిలు చదువుతుంది. దాని కోసం ప్రార్థిస్తాను, అదీ నాకోసం ప్రార్థిస్తుంది. కానీ కొందరిని మనమే పంపించాం. సమాధుల్లో కూడా కులం చూసిన చోట్లు మనకున్నాయి. 2016లో మన పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం విధానం ప్రకటించినప్పుడు, ఈ వివక్ష శ్రీసభలో ఉందని ఒప్పుకుంది. ఆ గాయంతో వెళ్ళినవారిని "దారి తప్పినవారు" అని ఎలా అంటాం? విశ్వాసుల ప్రార్థనలో "దారి తప్పిన బిడ్డల కొరకు" అని చదువుతాం, ఎప్పుడో పెళ్ళికో చావుకో వచ్చిన ఆ బిడ్డ వెనక బెంచీలో వింటూ ఉంటాడు. దయచేసి ఆ మాట మార్చండి. 2022లో ఇదే రోజు, ఆగస్టు 27న, మోనికమ్మ పండుగ నాడే, మన హైదరాబాదు ఆర్చిబిషప్ పూల అంథోని గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటివారు, దళితుల్లో మొదటివారు. ఆ రోజు టీవీ ముందు నేను ఏడ్చాను. మా వాడు కూడా నా పక్కన కూర్చుని చూశాడు, చివరిదాకా చూశాడు.

సువార్తలోని తప్పిపోయిన కుమారుడి కథలో, తిరిగొచ్చిన తమ్ముడి గురించి పెద్దవాడు తండ్రితో "నీ కుమారుడు" అంటాడు. తండ్రి "నీ తమ్ముడు" అంటాడు. ఇంట్లోనే ఉండిపోయిన మనకు వచ్చే జబ్బు అదే. మన నోట ఏ మాట వస్తోందో చూసుకోండి.

ఎలా ప్రార్థిస్తున్నావని అడుగుతారేమో. రోజూ వాడి పేరుతో పది మంగళవార్త జపాలు, వాడికి తెలియకుండా. శుక్రవారం ఒక పూట భోజనం మానేస్తాను, అదీ తెలియకుండా. పుట్టినరోజుకు పూజ చెప్పిస్తాను. దివ్యసత్ప్రసాదం అందుకున్నప్పుడు, ప్రభూ, వాడి ఆకలి కూడా నాలో ఉంది అంటాను. ఇంకేమీ అనను. జ్ఞానస్నానపు ముద్ర చెరగదని మన సత్యోపదేశం నేర్పుతుంది. తిరిగి వచ్చేవారికి మళ్ళీ జ్ఞానస్నానం ఇవ్వరు, ఎందుకంటే మొదటిది పోలేదు. వాడి నుదుటి మీద అది ఉంది, వాడికి కనిపించకపోయినా. దాన్ని తలచుకుని నిద్రపోతాను.

వాడు తిరిగి వచ్చాడా? రాలేదు. మీరు ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నారని నాకు తెలుసు. నా మోకాళ్ళు పాడయ్యాక ప్రతి ఆదివారం వాడే బండి మీద తీసుకొచ్చి దింపుతున్నాడు. ఇప్పుడు కూడా బయట గేటు పక్కన ఉన్నాడు. ఏడున్నరకు ముగిస్తానన్నాను, ఏడు నలభై అయింది.

చేతులు జోడించండి. మీవారి పేర్లు పైకి చెప్పవద్దు, మనసులో చెప్పండి. ఒక్కొక్కరి పేరు, ముఖం తలచుకుని. తొందర లేదు. నేను కూడా చెబుతున్నాను.

దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము...